పాతరలో మాగిన గెలలు

1944 ఫిబ్రవరి 6, ఆదివారం

ఆరాధన అయి ఇంటికి వచ్చేసరికి మా ఆయన పున్నయ్య అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. అతనికి తమ్ముడి వరసయ్యే జక్కయ్య మాచర్ల నుంచి కబురు తెచ్చాడు. మేము పంపిన అరటి గెలల్లో సగం కుళ్లిపోయాయని రోశయ్య సెట్టి అన్నాడట.

"కుళ్లినయ్యి చూపిచ్చమన్నావా?" అన్నాడు పున్నయ్య.

"అడిగా అన్నా. పశువులకు ఏపిచ్చా అన్నాడు."

ఎప్పుడూ ఇదే. కాయ పచ్చిగా ఉన్నంతవరకు మా చేతిలో ఉంటుంది. పండయ్యేది సెట్టి కొట్లో. తలుపు మూసి పొగ పెట్టిన ఆ కొట్లో ఏం జరిగిందో ఆయన చెప్పిందే మాకు వేదం. మా తోటైనా, పక్కనే ఉన్న జక్కయ్య తోటైనా, నాగులేటి ఒడ్డున మా పల్లెవాళ్లు చేసుకుంటున్న నేల చెక్కలన్నీ అంకమ్మరావు గారి నేలే. ఆయనకు కౌలు కట్టాలి, దొరువులోంచి నీళ్లు తోడాలి, గాలివానకు చెట్టు పడకుండా కర్ర పోట్లు పెట్టాలి. ఇన్ని చేసి గెల దింపాక చివరి మాట మాత్రం సెట్టిది.

మధ్యాహ్నం పున్నయ్య అన్నం తినలేదు. అతని పళ్లెంలోది కూడా జక్కయ్యే తిన్నాడు. నవ్వొచ్చింది, నవ్వలేదు.

ఫిబ్రవరి 8

పున్నయ్య మాచర్ల వెళ్లి, సెట్టి ఖాళీ కొట్టు ఒకటి అద్దెకు అడిగాడు. మా కాయ మేమే మాగబెట్టుకుంటామన్నాడు.

సెట్టి కోప్పడలేదట. నెమ్మదిగానే చెప్పాడట. "పచ్చి కాయ ఎవురు కోస్తే ఏంది, ఎవురు మోస్తే ఏంది. పండు అట్టా కాదు పున్నయ్యా. మీ పల్లెవోళ్లు లోపలికొచ్చి పండు ముట్టుకున్నారంటే దేవుడి ముందర పెట్టేవోళ్లు నా కొట్టు తొక్కరు."

పున్నయ్య ఈ మాటలు నాకు చెబుతున్నంతసేపూ తన చేతులే చూసుకున్నాడు.

ఫిబ్రవరి 11, శుక్రవారం

అంకమ్మరావు గారు వాళ్ల పాత దొడ్లో నేలలోకి తవ్విన జొన్న పాతర వాడుకోమన్నారు. అద్దె అక్కర్లేదన్నారు. అడిగిన వెంటనే ఇచ్చారట. ఏ పాతర అని మాత్రం రెండుసార్లు అడిగితే గాని చెప్పలేదట.

పిల్లలకు బడి వదిలాక వెళ్లి చూశాను. మెడ సన్నంగా, ఒక మనిషి దిగేంత ఉంది. లోపల గది అంత వెడల్పు. మూతిమీద ఇంత బండ. దాన్ని కదిలించడానికి జక్కయ్యతో పాటు ఇంకొందరు పట్టాల్సి వచ్చింది. కదలగానే చల్లటి గాలి మా కాళ్లను తాకింది. బయట ఎండ మండిపోతోంది.

వెంటనే ఎవరూ దిగకూడదని చెప్పాను. మూసి ఉన్న పాతరలో చెడుగాలి ఉంటుంది. ఒకటి రెండు రోజులు తెరిచి ఉంచాలి, ముందు దీపం దించాలి, అది ఆరకపోతేనే మనిషి దిగాలి. ఇది నేను కొత్తగా చెప్పేదేమీ కాదు, వాళ్లందరికీ తెలుసు.

ఫిబ్రవరి 14

గెలలు దింపారు. అన్నీ అమృతపాణే. అడుగున వరిగడ్డి పరిచి గెలలు నిలబెట్టారు. ఒక మూల కుండలో పిడకలు రాజేసి, బండ వేసి, చుట్టూ మట్టి మెత్తారు. జక్కయ్య ప్రార్థన చెయ్యమన్నాడు. చేశాను.

ఫిబ్రవరి 18, శుక్రవారం

పాతర తెరిచాం. పళ్లకు ఇంత రంగు నేను ఎప్పుడూ చూడలేదు. ఒక్క గెల మీదా మచ్చ లేదు.

తట్ట పట్టుకుని హజ్రా పెద్దమ్మ వచ్చింది. మాచర్ల సంతలో పళ్లు అమ్మడంలో ఆమెకు తిరుగులేదు. మా చేతి పండు కొననివాళ్లు ఆమె చేతి పండు కొంటారు. ఒక పండు ఒలిచి తిని, కళ్లు మూసుకుని, "ఎక్కడ మాగేశారు?" అంది.

"అంకమ్మరావు గారి పాత దొడ్లో" అన్నాడు పున్నయ్య.

ఆమె తొక్క కింద పడేయబోయి చేతిలోనే పెట్టుకుంది. "ఆ పాతరా" అంది. తట్ట ఎత్తుకుని పోయింది. పొద్దెక్కకముందే ఖాళీ తట్టతో తిరిగొచ్చింది.

ఫిబ్రవరి 24

ఈసారి ఇంకా బాగున్నాయి.

మార్చి 2, గురువారం

సంతలో మా పళ్లకు పేరు వచ్చింది. పాతర పళ్లు అని అడిగి తీసుకుంటున్నారట. తిన్నాక నోట్లో కొత్త జొన్నల వాసన వస్తుందని ఒకామె అన్నదట. నేనూ తిన్నాను. నాకు అలాంటిదేమీ అనిపించలేదు. అనిపించినా అది గడ్డి వాసనే అయి ఉంటుంది.

పున్నయ్యకు చాలా రోజుల తరువాత పాట వచ్చింది. తోటలో పిలకలు తీస్తూ పాడుకుంటున్నాడు. నాకు చీర కొంటానన్నాడు. ముందు దొరువు పూడిక తీయించమన్నాను.

మార్చి 7

ఈరోజు పాతర తెరిచాక పున్నయ్య దిగి, పైకి వచ్చి, జక్కయ్యను అడిగాడు. "నువ్వు దిగావా ముందర?"

"లేదన్నా. ఇప్పుడేగా బండ తీసింది."

"గెలల నుంచి మాగిన అత్తాలు ఇడదీసి గడ్డి మీద వరసగా పెట్టుండయ్యి. పచ్చివి ఒక దిక్కు, పండినయ్యి ఒక దిక్కు."

అమృతపాణి మాగితే పళ్లు వాటంతట అవే గెలనుంచి రాలతాయని నేను అన్నాను. అది నిజం. అందరికీ తెలిసిందే.

రాలిన పళ్లు వరసలో పడవు.

మార్చి 13

మూడో తరగతి పిల్లలకు గాలి పాఠం చెప్పాను. వెలుగుతున్న కొవ్వొత్తి మీద గాజు గ్లాసు బోర్లించి చూపించాను. మంట ముందు పొడుగయి, తరువాత నీలమయి ఆరిపోయింది. పిల్లలు మళ్లీ చూపించమన్నారు. మళ్లీ చూపించాను.

ఇంటికి వస్తూ దొడ్డివైపు వెళ్లాను. పున్నయ్య అప్పుడే పాతరలోంచి ఎక్కి వస్తున్నాడు. పక్కన దీపం లేదు.

"దీపం ఏదయ్యా?"

"కిరసనాయిలు ఎక్కడుంది సుందరీ. యుద్ధం మన లాంతరులో నూనె గూడా తాగేసింది."

ఆముదం దీపం వెలిగించమన్నాను. సరేనన్నాడు. ఒళ్లు చల్లగా ఉంది. ముఖం మాత్రం కడుపునిండా తిని లేచినవాడిలా తేటగా ఉంది.

మార్చి 16

ఆముదం దీపం నేనే చేసి ఇచ్చాను.

మార్చి 18

దీపం చూరులో అలాగే ఉంది. వత్తి కాలలేదు.

మార్చి 21, మంగళవారం

మిట్టమధ్యాహ్నం ఎండలో, పశువులు కూడా నీడకు చేరాక, పున్నయ్య ఆ బండ మీద కూర్చుంటున్నాడని జక్కయ్య చెప్పాడు. లోపల గెలలు ఉన్నా లేకపోయినా కూర్చుంటాడట. చెవి బండవైపు పెట్టి.

అడిగితే, అక్కడ చల్లగా ఉంటుందన్నాడు. బండ చల్లగానే ఉంటుంది. నేనూ ముట్టుకుని చూశాను. ఆ ఎండలో బండ ఎలా చల్లగా ఉందో ఇప్పుడు రాస్తుంటే అనిపిస్తోంది. అక్కడ ఉన్నప్పుడు అనిపించలేదు.

మార్చి 25, శనివారం

ఇది రాయాలో వద్దో తెలియడం లేదు.

పొయ్యి దగ్గర ఉన్నాను. పున్నయ్య వచ్చి గడపలో కూర్చున్నాడు. గడ్డి నలుసులు జుట్టునిండా ఉన్నాయి.

"మా అమ్మ కలరాతో పోలా" అన్నాడు.

అతనికి ఊహ తెలియని రోజుల్లోనే మా అత్తగారు కోటమ్మ చనిపోయింది. కరువు ఏడులో కలరా తగిలి పోయిందని పెంచిన మేనత్త చెప్పింది. మా పెళ్లప్పుడు నాకూ అదే చెప్పారు.

"మరి?"

"పాతరలో పోయింది."

"ఎవరు చెప్పారు?"

అతను నా వైపు చూశాడు. బడిలో పిల్లవాడు తెలిసిన జవాబును ఎందుకు అడుగుతున్నారా అన్నట్టు చూస్తాడే, అలా చూశాడు. లేచి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు.

మార్చి 26, ఆదివారం

ఆరాధనకు వెళ్లలేదు. నేరుగా హజ్రా పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. చేటలో బియ్యం ఏరుతోంది. కోటమ్మ ఎలా పోయిందని అడిగాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"నీకెవురు చెప్పారమ్మాయ్?"

"మీరు చెప్పండి."

గోడకేసి చూస్తూ చెప్పింది. "కరువేడు. అంకమ్మరావు నాన్న పాతర తీపిచ్చాడు. గింజలు పొరుగూళ్లకు అమ్మకానికి. ఒక పూటన్నా గాలి ఆడనీలా, బండ్లు కాసుకోనుండయ్యని. కోటమ్మను దింపారు. చంటోడు గట్టు మీద. నేను గింజలు చెరగడానికి పోయుండా. ఆమె బుట్ట నింపి తాడు లాగితే పైనోళ్లు చేదేవోళ్లు. కాసేపటికి పిలిస్తే పలకలా. బుట్ట మాత్రం నిండి వస్తానే ఉంది. ఖాళీ బుట్ట దించితే మళ్లీ నిండి వచ్చింది. పైనోళ్లు నవ్వుకున్నారు, అలిగింది పలకటంలా అని. గింజలు అయిపొయినాక ఒకడు దిగి చూశాడు."

"చూసి?"

"ఎప్పుడో చల్లబడింది. ఒళ్లు కట్టె. శానాసేపటి కింద పోయినదాని ఒళ్లు అట్టా ఉంటది. మరి ఆ బుట్టలు ఎవురు నింపారో నాకు తెల్దు. కలరా అని చెప్పి చీకటి పడకముందే పూడ్చారు. మాకూ అట్టాగే చెప్పమన్నారు, అట్టాగే చెప్పాం."

బియ్యం మళ్లీ చేతిలోకి తీసుకుంది గానీ ఏరలేదు.

మార్చి 27

పాతర మూసేద్దామని చెప్పడానికి అందరినీ పిలిచాను. పున్నయ్య రాలేదు, తోటలో ఉన్నాడు. కోటమ్మ సంగతి చెబితే పెద్దవాళ్లు తల దించుకున్నారు. కొందరికి ముందే తెలిసినట్టుంది.

జక్కయ్య లేచి నిలబడ్డాడు. "వదినా, నీ మాట కాదనను. కానీ ఇప్పుడు మూస్తే మళ్లీ సెట్టి కాళ్ల కాడికేగా. నవమి ముందరుంది, ఎనకాల పెళ్లిళ్లు. ఇంకో పాతర ఎవురిస్తారు మనకి? ఈ కాపు గడవనీ. ఆ తరవాత నేనే మట్టి పోత్తా."

ఒకరి బిడ్డకు జ్వరం, ఒకరి ఇంటికి కప్పు పడలేదు, ఒకరి ఎద్దు కుంటుతోంది. అందరూ నా ముఖం చూశారు.

పున్నయ్యను దిగనివ్వకూడదని, దీపం లేకుండా ఎవరూ దిగకూడదని ఒట్టు పెట్టించుకుని సరేనన్నాను.

నేను మంచి పనే చేశాననుకుంటున్నాను.

ఏప్రిల్ 3

నవమికి పళ్లన్నీ పోయాయి. రోశయ్య సెట్టి కొట్లో గెలలు అమ్ముడుపోక నల్లబడ్డాయట. పల్లెలో అందరిళ్లలో కూర వాసన. పున్నయ్య ఈ వారం దిగలేదు. మనిషి మామూలుగానే ఉన్నాడు. నిన్న నాతో పాటు ఆరాధనకు వచ్చాడు. వాక్యం జరుగుతుంటే తనలో తను ఏదో గొణిగాడు. ప్రార్థన అనుకున్నాను.

ఏప్రిల్ 5

అన్నం తింటూ అడిగాడు, "మా అమ్మ నిన్ను చూడలేదు గదా?"

"ఎలా చూస్తుంది?"

"అదే చెప్పా."

ఎవరికి చెప్పావని అడగలేదు.

ఏప్రిల్ 7, మంచి శుక్రవారం

పున్నయ్య పోయాడు.

ఏప్రిల్ 12

రాస్తే కాస్త నయమని రాస్తున్నాను.

ఆరోజు మిట్టమధ్యాహ్నం నుంచి ఆరాధన. నేను పిల్లలతో పాడించాలి కాబట్టి ముందే వెళ్లాను. వెనకాల వస్తానన్నాడు. తెల్ల చొక్కా తీసి మంచం మీద పెట్టుకున్నాడు. పల్లె అంతా ప్రార్థన గుడిలో ఉంది. ఒట్టు పెట్టినవాళ్లందరూ గుడిలోనే ఉన్నారు.

ఆ పొద్దున పాతరలో కొత్త గెలలు దింపి ఇంకా బండ వేయలేదు. పొగకుండ మాత్రం లోపల రాజుకుంటోంది.

ఆరాధన అయ్యాక వెతికితే పాతరలో కనిపించాడు. జక్కయ్య ముఖానికి తడిగుడ్డ కట్టుకుని దిగి తీసుకొచ్చాడు. ఎలా ఉన్నాడని అడిగాను. చెప్పనన్నాడు. మళ్లీ అడిగితే చెప్పాడు. గోడకు చేరి పడుకుని ఉన్నాడట. గడ్డిలో కాళ్లు ముడుచుకుని, తల కాస్త ఎత్తుగా పెట్టుకుని. తల కింద ఏమీ లేదట.

ఏప్రిల్ 13

అంకమ్మరావు గారు మా గుమ్మం దాకా వచ్చారు. లోపలికి రాలేదు. పోయినవాడు చాలా మంచివాడన్నారు.

"మీ నాన్నగారు గాలి ఆడేదాకా ఎందుకు ఆగలేదండీ?" అని అడిగాను.

ఆయన అబద్ధం ఆడలేదు. "బళ్లోళ్లు తొందరపెట్టారమ్మా" అన్నారు. వెనక్కి తిరిగి వెళ్లిపోయారు.

ఏప్రిల్ 15, శనివారం

రోశయ్య సెట్టి మనిషిని పంపాడు. ఇకనుంచి గెలలు మా తోట దగ్గరే తూచుకుంటాడట. మాగేసే కొట్టు దగ్గర మా మనిషి ఒకడు గడపలో కూర్చుని చూసుకోవచ్చట. పాతర పళ్లు ఇన్ని వారాలు ఆయన కొట్టును ఎండగడితే గాని ఈ మాట రాలేదు. పున్నయ్యకు కావలసింది ఇదే.

జక్కయ్య ఏడ్చాడు. ఒప్పుకుందాం వదినా, పాతర పూడ్చేద్దాం అన్నాడు.

వద్దన్నాను.

సెట్టిని నమ్మలేమని చెప్పాను. ఈ కాపు అయ్యాక మాట మారుస్తాడని చెప్పాను. పాతర చేతిలో ఉంటేనే మన మాట చెల్లుతుందని చెప్పాను. అన్నీ సబబైన మాటలే. చెబుతున్నంతసేపూ నా గొంతు కూడా బాగానే ఉంది.

ఏప్రిల్ 17

ఆరోజు దింపిన గెలలు ఇంకా పాతరలోనే ఉన్నాయి. అవి నలుగురి కష్టం. ఎవరూ దిగనంటున్నారు. ఎవరో ఒకరు దిగాలి కదా.

బండ మీద కాసేపు కూర్చున్నాను. చల్లగా ఉంది.

ఏప్రిల్ 19

రేపు నేను దిగుతాను. దీపం చూసుకునే దిగుతాను. గెలల కోసమే.

ఏప్రిల్ 20, గురువారం

నేను దిగుతున్నానని తెలిసి హజ్రా పెద్దమ్మ వచ్చింది. వద్దని చెప్పింది, వినలేదు. అప్పుడు ఇంటికి వెళ్లి చేంతాడు తెచ్చి నా నడుముకు రెండు ముళ్లు వేసి, రెండో కొస తన చేతికి చుట్టుకుంది. జక్కయ్యనూ పక్కన నిలబెట్టింది.

బండ నిన్నటినుంచే తీసి ఉంది. పొద్దున్నే దీపం దించాను. ఆరలేదు. దిగాను.

లోపల మాగిన పళ్ల వాసన. ఇంకేమీ లేదు. పున్నయ్య పడుకున్న చోటు ఏదో గడ్డి చూస్తే తెలిసింది. అక్కడ కూర్చున్నాను. పిలిచాను. మనసులో కాదు, గట్టిగానే పేరు పెట్టి పిలిచాను. ఎవరూ పలకలేదు. నాకు ఏమీ వినిపించలేదు. అంత ఏడుపు నాకు పూడ్చిననాడు కూడా రాలేదు. ఒక మాటైనా వినిపిస్తుందని వచ్చానని అప్పుడు నాకు తెలిసింది. గెలల కోసం కాదు. లేచి పైకి వచ్చేశాను.

ఇంతే జరిగింది. అదీ కాసేపే.

పైకి వచ్చేసరికి పొద్దు వాలి ఉంది. హజ్రా పెద్దమ్మ అరచేతులు తాడుకు ఒరిసి ఎర్రబడ్డాయి. జక్కయ్య నేల మీద కూర్చుని ఉన్నాడు. నేను ఎక్కి రాలేదట, లాగారట.

"కింద ఎవురితో మాట్లాడావమ్మాయ్?" అంది ఆమె.

"ఎవరితోనూ మాట్లాడలేదు. ఏడ్చాను."

"నువ్వు ఏడవలా. నవ్వుతా ఉన్నావు. మేం పిలుస్తా ఉంటే, ‘ఉండండి, వత్తన్నా’ అన్నావు. మళ్లీ అటు తిరిగి మాట్లాడావు. ఇంట్లో ఆడోళ్లు పని చేసుకుంటా మాట్లాడుకున్నట్టు. ఆగి వినేదానివి. మళ్లీ మాట్లాడేదానివి."

"అవతలివాళ్ల మాట వినపడిందా మీకు?"

జక్కయ్య లేచి దూరంగా వెళ్లాడు. హజ్రా పెద్దమ్మ నా నడుము దగ్గర ముడి విప్పుతూ, తల ఎత్తకుండా, "లేదు" అంది. ఆమె నాతో అబద్ధం చెప్పడం ఇదే మొదటిసారి.

చెడుగాలి తగిలితే మనిషికి మతి తప్పుతుంది. అది నేను పాఠంలో చెబుతాను. దీపం మాత్రం లోపల వెలుగుతూనే ఉంది. జక్కయ్య పైనుంచి చూశాడట.

ఏప్రిల్ 21

సెట్టి మాటకు ఒప్పుకున్నామని కబురు పంపాను. మా తరఫున గడపలో కూర్చోవడానికి జక్కయ్య వెళతాడు.

పాతర పూడుస్తున్నారు. పల్లె మొత్తం వచ్చింది. ఆడవాళ్లు తట్టలతో మట్టి మోశారు. లోపల మిగిలిన గెలలు అలాగే వదిలేయమన్నాను. ఎవరూ వద్దనలేదు. నేనూ మోశాను. సగం దాకా నిండాక మట్టి పడిన చప్పుడు మారింది. అప్పటిదాకా ఏదో మెత్తటి దాని మీద పడినట్టు ఉంది. అందరూ విన్నారు. ఎవరి తట్టా ఆగలేదు.

ఏప్రిల్ 23, ఆదివారం

తోటలో పున్నయ్య పెట్టిన పోట్లు అలాగే ఉన్నాయి. చెట్లు కొత్త గెలలు వేస్తున్నాయి. పిలకలు నేనే తీశాను. చెయ్యి తిరగలేదు గానీ అయింది. మంగళవారం సెట్టి మనిషి కాటాతో వస్తాడు.

ఎండకు కళ్లు మూతలు పడుతున్నాయి. ఆ శుక్రవారం నుంచి సరిగా నిద్ర లేదు. హజ్రా పెద్దమ్మ నా దగ్గరే ఉంటోంది. ఇప్పుడు గోడవారగా కూర్చుని విసనకర్ర విసురుకుంటోంది. కాసేపు పడుకుంటాను, నిద్రలో మాట్లాడితే లేపమని చెప్పాను.

"ఎవురితో మాట్లాడితే లేపాలి?" అని అడిగింది.